తగ్గింపు, ఆత్మీయ ఆకలి: తరచుగా అడిగే ప్రశ్నలు

మా సంఘంలో బుధవారం సాయంత్రం బైబిలు తరగతి చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. పాఠం అయిపోయి, చాపలు చుట్టేసి, లైట్లు ఆర్పే వేళకు గుమ్మం దగ్గర ఎవరో ఒకరు ఆగుతారు. "టీచర్‌గారూ, చిన్న డౌటు." మనుషులు మారారు గానీ ఆ చిన్న డౌట్లు పెద్దగా మారలేదు. తగ్గింపు గురించి, అంటే దేవుడి ముందు తనను తాను తగ్గించుకోవడం గురించి, ఆత్మీయ ఆకలి గురించి, అంటే దేవుడి మీద ఆశ గురించి అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసింది వెతుక్కోండి.

## మాటల దగ్గరే తికమక పడేవారికి

"ఆత్మవిషయమై దీనులైనవారు" అంటే ఎవరు? పేదవాళ్లా, అమాయకులా, పిరికివాళ్లా?

మత్తయి 5:3లో "దీనులు" అన్నచోట గ్రీకు మూలంలో ఉన్న మాట ప్తోఖోస్. పేదవాణ్ణి చెప్పడానికి ఆ భాషలో ఇంకో మాట కూడా ఉంది, పెనేస్. పెనేస్ అంటే రెక్కాడితే గాని డొక్కాడనివాడు. పనికి పోతే సాయంత్రానికి ఇంత గంజి దొరుకుతుంది. ప్తోఖోస్‌కి ఆ ఆధారం కూడా లేదు, ఎవరైనా పెడితేనే తింటాడు. లూకా 16లో ధనవంతుడి వాకిట పడి ఉన్న లాజరుకు వాడింది ఈ మాటే.

కూలి చేసినవాడు కూలి అడుగుతాడు. "ఇన్నేళ్లు మందిరానికి వచ్చాను, ఇంత కానుక వేశాను, మా తాత సువార్తికుడు" అని దేవుడి ముందు లెక్క చెప్పుకునే మనం ఈ కూలివాడి లాంటివాళ్లం. లెక్క చెప్పడానికి ఏమీ లేదని తెలిసి చెయ్యి చాపినవాణ్ణి యేసు ధన్యుడన్నాడు. మన వాడుకలో "దీనంగా" అంటే జాలి పుట్టేలా అని స్థిరపడిపోయింది కాబట్టి ఈ వచనం చదవగానే వంగిన మెడ, తడి కళ్లు గుర్తొస్తాయి. ఆ బొమ్మను కాస్త పక్కన పెట్టి చదవండి.

వినయం, సాత్వికం, తగ్గింపు అంటారు. మూడూ ఒకటేనా?

చాలావరకు ఒకటే, వాడే చోటు వేరు. తన గురించి తనకున్న సరైన అంచనా వినయం. చేతిలో బలం ఉండి కూడా ఎదుటివాడి మీద విసరకుండా పట్టుకోవడం సాత్వికం. తగ్గింపు మన సంఘాల సొంత మాట. "తన్ను తాను తగ్గించుకొనువాడు హెచ్చింపబడును" అన్న లూకా 18:14 నుంచి మన నోళ్లలో పడింది. ఆ వాక్యంలో "తన్ను తాను" అన్న రెండు మాటల మీద వేలు పెట్టి ఆగండి. నన్ను ఇంకొకరు తగ్గిస్తే దాని పేరు వేరు.

వినయం ఒక పాఠం, ఆకలి ఒక పాఠం కదా. రెండూ కలిపి ఎందుకు చెప్తారు?

నాకు అవి రెండు పాఠాలుగా కనిపించవు. కడుపు ఖాళీగా ఉందని ఒప్పుకున్నవాడికే ఆకలి తెలుస్తుంది. సామెతలు 27:7 ఎంత మోటుగా చెప్తుందో చూడండి: కడుపు నిండినవాడు తేనెపట్టునైనా తొక్కేస్తాడు, ఆకలిగొన్నవాడికి చేదు కూడా తియ్యగా ఉంటుంది. యేసు తల్లి మరియ పాటలోనూ ఇదే వరస. ఆకలిగొన్నవారికి మంచి పదార్థాలు, ధనవంతులకు వట్టి చేతులు (లూకా 1:53).

అన్నిటికంటే నాకు ఇష్టమైన సాక్షి మత్తయి 15లోని కనాను స్త్రీ. పిల్లల రొట్టె కుక్కపిల్లలకు వేయడం తగదని యేసు అన్న మాట విని ఆమె అలిగి వెళ్లిపోలేదు. అలాగని "నిజమే, నేను పనికిరానిదాన్ని" అని తల దించుకుని వెనక్కి కూడా తిరగలేదు. బల్ల కింద పడే ముక్కలు కుక్కపిల్లలు తింటాయి కదా ప్రభువా అంది. తన స్థితి ఒప్పుకుంది, రొట్టె మాత్రం వదలలేదు. ఒకే వాక్యంలో వినయమూ ఉంది, ఆకలీ ఉంది. ఏది ఎక్కడ ఆగిందో విడదీసి చూపించమంటే నాకు చేతకాదు.

కడుపు కాలేవాడి దగ్గర ఆత్మీయ ఆకలి గురించి మాట్లాడటం ఎగతాళి కాదా?

అవుతుంది, వట్టి మాటలతో ఆగిపోతే. మత్తయి "నీతికొరకు ఆకలిదప్పులు" అని రాశాడు. లూకా 6:21లో ఆ "నీతికొరకు" కూడా లేదు, "ఇప్పుడు ఆకలిగొనుచున్న మీరు" అనే ఉంది. సువార్తలకు రెండు ఆకళ్లూ తెలుసు.

మన గడ్డ మీదే దీనికి ఒక ఉదాహరణ ఉంది. 1876–78 కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడిపోయింది. అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు. బకింగ్‌హాం కాలువలో దాదాపు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇచ్చాడు. తెలుగు బోధకులే మేస్త్రీలు. పని విరామంలో వాక్యం చెప్పేవారు. బాప్తిస్మం కావాలని జనం వచ్చారు. క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో కరువు తీరాక తేలుతుందని ఆగాడు. సహాయపు పనులు మూసేశాక, ఇవ్వడానికి కూలీ గింజలూ లేనప్పుడు, వాళ్లు మళ్లీ వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్లలోకి దిగి బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులే. ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ సాయంత్రం దాకా ఇచ్చారు. దొర ఒడ్డున ఉన్నాడు.

అంకె చెప్పి చప్పట్లు కొట్టించే బోధకులు చాలామంది. నాకు మాత్రం ఆ అంకె కంటే అంతకుముందు "ఇప్పుడు కాదు" అన్న నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. ముందు అన్నం పెట్టాడు, దానికి బదులు ఏమీ అడగలేదు.

## ఆకలి వేయనప్పుడు

పొద్దున లేచింది మొదలు ఫోనులో వాక్యం వింటూనే ఉంటాను. అయినా లోపల ఏమీ కదలడం లేదు. ఎందుకు?

అన్నానికి ముందు గుప్పెడు గుప్పెడు మిక్చరు తిన్న పిల్లవాణ్ణి చూశారా? కంచం ముందు కూర్చోబెడితే "ఆకలి లేదు" అంటాడు. వాడు అబద్ధమాడటం లేదు. నాలుగు నిమిషాల క్లిప్పులు, స్టేటస్ వచనాలు, ఒక బోధకుణ్ణి తిట్టే ఇంకో బోధకుడి వీడియో, ఇవన్నీ కలిపి రోజంతా నోరు ఆడుతూనే ఉంటుంది. కడుపు నిండినట్టూ ఉండదు, ఆకలీ వేయదు.

ఒక వారం ఇలా చేసి చూడండి. వీడియోలు ఆపేసి ఒక్క కీర్తన తీసుకోండి. 63 అయితే మంచిది, పదకొండే వచనాలు. రోజూ అదే చదవండి. మూడో రోజుకు విసుగొస్తుంది. ఆ విసుగును దాటి కూర్చున్నవాళ్లు నా తరగతిలో ఉన్నారు, ఐదో రోజుకో ఆరో రోజుకో ఒక మాట గుచ్చుకుందని చెప్పారు. గుచ్చుకోలేదన్నవాళ్లూ ఉన్నారు.

మాకు ఏ లోటూ లేదు. ఇల్లు కట్టుకున్నాం, పిల్లలు స్థిరపడ్డారు. దేవుడి మీద ఆశ పుట్టాలంటే కష్టాలు రావాలా?

కష్టాలు కోరుకోవద్దు, అవి పిలవకుండానే వస్తాయి. మీ పరిస్థితిలో ఉన్న ఊరొకటి ప్రకటన గ్రంథంలో ఉంది, లవొదికయ. ఈనాటి టర్కీలో డెనిజ్లి దగ్గర దాని శిథిలాలు ఉన్నాయి. క్రీ.శ. 60లో భూకంపం వచ్చి ఊరు కూలిపోతే, రోము నుంచి సహాయం తీసుకోకుండా సొంత డబ్బుతో తిరిగి కట్టుకున్నారని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అలాంటి ఊరి సంఘం నోటి నుంచి "నాకేమియు కొదువలేదు" అన్న మాట (ప్రకటన 3:17) రావడంలో వింత లేదు. అది వాళ్ల ఊరి గర్వం. కాలక్రమాన గుడిలోకి కూడా వచ్చింది.

ఆ సంఘానికి ప్రకటన గ్రంథంలో ఉన్న ఉత్తరం సంపద ఉండటం తప్పని అనలేదు. లేమి కనిపించకపోవడమే జబ్బు అంది. లోటు లేని ఇంట్లోనూ వెతికితే లోటు దొరుకుతుంది. తమ్ముడితో పదేళ్లుగా మాటల్లేవు. పనిమనిషి ఇంటిపేరు తెలియదు. ఒంటరిగా పది నిమిషాలు కూర్చోలేం. అక్కడ మొదలుపెట్టండి.

ప్రార్థనకు కూర్చుంటే మనసు ఎండిపోయినట్టు ఉంటోంది. నా పాపం వల్లేనా?

పాపం కారణం కావచ్చు. ఏదైనా దాచిపెట్టుకున్నది ఉంటే మీకే తెలుస్తుంది. కానీ ప్రతి ఎండుదనానికీ పాపమే కారణమని తేల్చేయడం, కష్టాల్లో ఉన్న యోబును నీ పాపమే కారణమని నిందించిన అతని స్నేహితుల పని.

1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చావు కోరుకుని చెట్టు కింద పడుకున్నాడు. అంతకు కొద్దిగా ముందే కర్మెలు కొండ మీద గొప్ప విజయం చూసినవాడు. దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి తినమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర. కాబట్టి ముందు నిద్ర చూసుకోండి, తిండి చూసుకోండి. వారాల తరబడి ఏ పనీ చేయబుద్ధి కాక, నిద్ర పట్టక, బతకాలని లేదనిపిస్తుంటే డాక్టరును కలవండి. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. బతకాలని లేదన్న మాట మనసులోకి వచ్చినరోజు మాత్రం ఒంటరిగా ఉండకండి, ఇంట్లోవాళ్లకు ఆ రోజే చెప్పండి.

అసలు ఆకలే లేనివాడు ఆకలి ఇమ్మని అడగొచ్చా? అది నటన కాదా?

అడగొచ్చు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్న తండ్రి (మార్కు 9:24) ఒకే ఊపిరిలో ఉన్నదీ లేనిదీ చెప్పాడు. యేసు అతణ్ణి వెనక్కి పంపలేదు. ఉన్నట్టు నటించడమే నటన. లేదని చెప్పి అడగడంలో దాపరికం ఏముంది?

కువైట్‌లో ఇంటిపని చేస్తున్నాను. శుక్రవారం ఆరాధనకు కూడా పంపరు. నా ఆత్మీయ జీవితం చచ్చిపోతుందేమోనని భయం.

అమ్మా, పరాయి దేశంలో పనిమనిషిగా ఉన్న ఒక ఆడమనిషి కథ ఆదికాండము 16లో ఉంది. హాగరు ఐగుప్తీయురాలు, యజమానురాలి బాధ పడలేక ఎడారిలోకి పారిపోయింది. దేవుడికి "చూచుచున్న దేవుడవు నీవే" అని పేరు పెట్టింది ఆమే. ఆమెకు గుడి లేదు, సంఘం లేదు, పక్కన పాట పాడేవాళ్లు లేరు.

బైబిలు తెరిచే వీలు లేకపోతే నోటికి వచ్చిన కీర్తన చాలు. గిన్నెలు కడిగేటప్పుడు 23వ కీర్తన ఒక్కొక్క మాటగా అనుకోండి. "నా కాపరి" అన్నచోట ఆగినా ఫరవాలేదు. ఇంకో మాట. జీతం ఆపితే, పాస్‌పోర్టు ఇవ్వకపోతే అడగడం గర్వం కాదు. ఆపిన కూలి కేకలు వేస్తుందని యాకోబు 5:4 చెప్తోంది. భారత రాయబార కార్యాలయం నంబరు మీ దగ్గర, ఊళ్లో మీవాళ్ల దగ్గర రాసి ఉంచుకోండి.

## ఉపవాసం గురించి

శుక్రవారం ఉపవాసం ఉంటే దేవుడు త్వరగా వింటాడా?

దేవుడికి చెవి తెరవడానికి మన ఆకలి అక్కర్లేదు. ఉపవాసం తెరిచేది మన చెవిని. అలవాటుగా పూటకు పూట నింపుకునే ఒంటిని ఒకరోజు ఖాళీగా ఉంచితే, ఇంకా దేనితో నింపుకుంటున్నామో బయటపడుతుంది. నాకైతే మధ్యాహ్నం మూడయ్యేసరికి బయటపడేది కోపం. భక్తి కాదు, కోపం.

వారంలో రోజులు పెట్టుకోవడం పాత అలవాటే, తొలి తరాల క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో ఉపవాసం ఉండేవారు. కానీ రోజు పాటించినంత మాత్రాన వినయం రాదు. లూకా 18లో పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసం ఉన్నాడు, ఆ సంగతి దేవుడికే గుర్తుచేశాడు. పక్కనే రొమ్ము కొట్టుకున్న సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, ఆ రోజు భోంచేసి వచ్చాడో లేదో కూడా మనకు తెలియదు. నీతిమంతుడుగా ఇంటికి వెళ్లింది మాత్రం అతడే. యెషయా 58 ఇంకా కఠినం. ఉపవాసం ఉంటూ పనివాళ్లను పీడించేవాళ్లను నిలదీసి, ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పంచమంటుంది. వండని ఆ పూట బియ్యం ఎవరింటికి వెళ్లాయన్నది అడగవలసిన ప్రశ్న.

నాకు షుగరు ఉంది. ఉపవాసం ఉండకపోతే విశ్వాసం తక్కువని అంటున్నారు.

అన్నవాళ్లు మీ మాత్రలు వేసుకోవడం లేదు. షుగరుకు మాత్రలో ఇన్సులినో వాడుతూ తిండి మానేస్తే షుగరు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే చక్కెరో గ్లూకోజో తీసుకోండి, అది ఉపవాస భంగమని ఎవరూ లెక్కపెట్టరు. డాక్టరును అడగకుండా ఉపవాసం వద్దు, ఎవరు చెప్పినా మందులు ఆపొద్దు. గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ ఇదే మాట. సీరియలు మానండి, ఫోను మానండి, పక్కింటి కబుర్లు మానండి. ఆఖరిది అన్నం మానడం కంటే కష్టం.

21 రోజులు ఉపవాసం పూర్తిచేశాను. సంఘంలో సాక్ష్యం చెప్పొచ్చా?

ఎందుకు చెప్పాలనిపిస్తోందో ఒక రాత్రి ఆలోచించండి. ఉపవాసమున్నప్పుడు తల అంటుకొని ముఖం కడుక్కోమన్నాడు యేసు (మత్తయి 6:17). అంటే మామూలుగా కనిపించమని. దేవుడు చేసిన మేలు ఉంటే అది చెప్పండి. రోజుల లెక్క లేకపోయినా ఆ సాక్ష్యం నిలబడుతుంది.

## ఇంట్లో, సంఘంలో

ఎవరేమన్నా నోరు మూసుకుని ఉండటమేనా తగ్గింపు?

యేసు చెంప మీద బంట్రౌతు కొట్టినప్పుడు "నన్నేల కొట్టుచున్నావు?" అని అడిగాడు (యోహాను 18:23). పౌలును ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి, తెల్లారి గుట్టుగా పంపించేయబోతే కదలనన్నాడు, అధికారులే వచ్చి తీసుకెళ్లాలన్నాడు (అపొ. 16:37). ఇద్దరూ తిరిగి కొట్టలేదు, తిట్టలేదు. జరిగింది తప్పని మాత్రం చెప్పారు. ఆ పౌలే ఫిలిప్పీయులకు రాసిన ఉత్తరంలో, క్రీస్తు "తన్ను తానే రిక్తునిగా చేసికొనెను", అంటే తనను తాను ఖాళీ చేసుకున్నాడు అని రాశాడు (2:7). రెండూ ఒకే మనిషిలో ఇమిడాయి.

భర్త తాగొచ్చి కొడతాడు. "తగ్గించుకో అమ్మా, దేవుడు చూసుకుంటాడు" అని పెద్దలు అంటున్నారు.

ఆ మాట తప్పు. మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు. దేవుడి ముందు ఎవరికి వారు తగ్గించుకోవడం వినయం. ఒక మనిషి చేతి కింద ఇంకో మనిషి నలిగిపోవడానికి ఆ పేరు పెట్టడం వాక్యాన్ని దొంగిలించడం. తగ్గించుకోమని చెప్పాల్సినవాడు ఒకడు ఆ ఇంట్లోనే ఉన్నాడు, పెద్దలు వెళ్లి అతనికి చెప్పాలి.

ముందు మీరు, పిల్లలు క్షేమంగా ఉండే చోటికి వెళ్లండి. మహిళల హెల్ప్‌లైను 181, పోలీసులకు 112. గృహహింస నుంచి రక్షణకు 2005 చట్టం ఉంది. క్షమించడం ఒకటి, మళ్లీ దెబ్బల్లోకి వెళ్లడం ఇంకొకటి. మొదటిది చేయడానికి రెండోది అక్కర్లేదు.

మా సంఘంలోనూ కులం చూసే సంబంధాలు చేస్తారు. ఇది ఆచారమే కదా, గర్వం అంటారేమిటి?

ప్రభు బల్ల దగ్గర ఒకే రొట్టె తిని, పెళ్లి మాట రాగానే "మనవాళ్లేనా?" అని అడిగితే ఆ అడగడంలో ఎవరో పైన, ఎవరో కింద ఉన్నారు. పైన ఉన్నాననుకోవడానికి ఆచారమనే పేరు బాగా పనికొస్తుంది.

ఒంగోలు మిషను తొలి రోజుల్లోనే ఈ పరీక్ష వచ్చింది. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ విశ్వాసులు పల్లెల్లో సువార్త చెప్తుంటే, వాళ్లను చేర్చుకోకపోతే మేమొస్తామన్నారు పై కులాలవాళ్లు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన భార్య చెరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు, 1 కొరింథీయులు 1:26–29. లోకంలో తృణీకరింపబడినవారిని, ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాటలు. వాళ్లు ఆ మాట పట్టుకుని మాదిగ విశ్వాసులను చేర్చుకున్నారు. మన తెలుగు సంఘాల్లో చాలావాటి పునాది ఆ నిర్ణయం మీద ఉంది.

ఆ పునాది మీద కూర్చుని మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్డి విశ్వాసులు అని గోడలు కట్టుకున్నాం. హైదరాబాదు హెబ్రోను మందిరంలో సువార్తికుడు బక్త్ సింగ్ గారి కూటాల్లో అందరూ నేల మీద ఒకే వరసలో కూర్చుని ప్రేమవిందు తినేవారు. తినడం దాకా చాలామందిమి వచ్చాం. వియ్యం దగ్గరే కాళ్లు ఆగిపోతున్నాయి, మా ఇంట్లోవాళ్లతో సహా.

పాస్టరుగారి బోధ తప్పనిపించింది. అడిగితే గర్వమంటారా?

అడిగే తీరును బట్టి. పౌలు చెప్పింది నిజమో కాదో లేఖనాలు చూసుకున్న బెరయ ఊరివారిని బైబిలు మెచ్చుకుంది (అపొ. 17:11). నలుగురిలో నిలదీయకుండా ఇంటికి వెళ్లి, "అయ్యగారూ, ఈ వచనం నాకు ఇలా అర్థమైంది, మీరేమంటారు?" అనండి. ఆయన చెప్పేది వినడానికీ సిద్ధపడి వెళ్లండి. లెక్కలు అడిగినా, డబ్బు సంగతి అడిగినా "అభిషిక్తుణ్ణి ముట్టొద్దు" అని నోరు మూయిస్తుంటే మాత్రం ఆ భయాన్ని వినయమనుకోకండి.

బాగా పాడావని ఎవరైనా అంటే "అంతా దేవునికే మహిమ" అనకపోతే తప్పా?

"థాంక్సండీ" అంటే చాలు. దేవుడికి మహిమ వెళ్లాల్సింది వెళ్లే ఉంటుంది. మా క్వయిరులో ఒకాయన ఆ మాట ఎంత పొడుగ్గా అనేవాడంటే, పొగిడినవాళ్లు రెండోసారి కూడా పొగడాల్సి వచ్చేది.

## చాలా ఏళ్లుగా నడుస్తున్నవారికి

నేను బాగా తగ్గించుకున్నానని నాకే అనిపిస్తుంది. అదే గర్వమా?

కావచ్చు, కానీ దాని చుట్టూ తిరుగుతూ కూర్చోకండి. తనను తాను తవ్వుకుంటూ పోవడం కూడా తన గురించే ఆలోచించడం. పౌలు ఉత్తరాలు వరసగా చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. కొరింథీయులకు రాస్తూ అపొస్తలులలో తక్కువవాణ్ణన్నాడు. ఎఫెసీయులకు రాస్తూ పరిశుద్ధులందరిలో అత్యల్పుణ్ణన్నాడు. తిమోతికి రాసేనాటికి పాపులలో ప్రధానుణ్ణన్నాడు. వయసుతో పాటు కిందికి దిగాడు. పని మాత్రం ఆపలేదు, అధికారంతో రాయడమూ ఆపలేదు.

మోషే మిక్కిలి సాత్వికుడన్న వచనం (సంఖ్యా 12:3) ఎక్కడ వస్తుందో చూడండి. సొంత అక్క, అన్న ఆయన మీద మాట్లాడినప్పుడు. ఆయన తన తరఫున ఒక్క మాట అనలేదు. మిర్యాముకు కుష్ఠు వస్తే మాత్రం బాగుచేయమని మొరపెట్టాడు. మీ మీద మాట్లాడినవాళ్ల కోసం మీ ప్రార్థన ఎలా ఉందో చూసుకోండి. అద్దంలో వెతకడం కంటే అది తేలిక.

తప్పు నాదే. కానీ చిన్నపిల్లల ముందు ఒప్పుకుంటే మర్యాద పోదా?

ఒక క్రిస్మస్ ముందు పాఠంలో "ముగ్గురు జ్ఞానులు" అని చెప్పాను. ఎనిమిదో తరగతి పిల్ల లేచి, "టీచర్, మత్తయిలో ముగ్గురని లేదు" అంది. నేను చూసుకోకుండానే "కూర్చో" అన్నాను. ఇంటికొచ్చి తెరిచాను. కానుకలు మూడు, మనుషుల లెక్క లేదు. నలభై ఏళ్లుగా చదివిన అధ్యాయం! తర్వాతి బుధవారం పాఠానికి ముందు ఆ పిల్ల పేరు పెట్టి పిలిచి, నువ్వు చెప్పిందే నిజం, నేను కసిరింది తప్పు అన్నాను. గొంతు కొంచెం వణికింది. మర్యాద ఏమైందో నాకు తెలియదు గానీ, ఆ రోజు నుంచి పిల్లలు బైబిళ్లు తెరిచి పెట్టుకుని కూర్చుంటున్నారు, నన్ను పట్టుకోవడానికి.

డెబ్బై దాటాయి. ముప్పైల్లో ఉన్న ఆ తపన, రాత్రంతా ప్రార్థనలు, కన్నీళ్లు ఇప్పుడు లేవు. ఆకలి చచ్చిపోయిందా?

42వ కీర్తనలో దుప్పి నీటివాగుల కోసం ఆశపడుతుంది. మనకు ఆత్మీయ ఆకలి అనగానే ఆ రొప్పే దుప్పి గుర్తొస్తుంది. 131వ కీర్తన ఎవరూ ఎక్కువగా చదవరు, మూడే వచనాలు. నా హృదయం అహంకారము గలది కాదు, నాకు అందని వాటి జోలికి పోను అని మొదలై, చనుపాలు విడిచిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు నా ప్రాణం ఉందంటుంది.

పాలు తాగే పిల్ల తల్లి ఒడిలోకి రాగానే వెతుకుతుంది, ఏడుస్తుంది, గుద్దుతుంది. పాలు మానిన పిల్ల అలా చేయదు. అయినా వచ్చి ఒడిలోనే కూర్చుంటుంది. ఏమీ అడగదు. లేపి పక్కన కూర్చోబెట్టి చూడండి, తిరిగి వస్తుంది.

మీరు కన్నీళ్లు లేవని చెప్పారు. పొద్దున్నే లేచి ఆ పాత కుర్చీలో బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మానారా అని అడిగితే, "అదెలా మానతానమ్మా" అన్నారు.